గోడ అవతలి బియ్యం

ఆ పురుగును మొదట చూసింది మా పాప. ఒక ఆదివారం పొద్దున మంచం మీద బోర్లా పడుకుని, దిండు మీద దేన్నో వేలితో తోస్తూ, "అమ్మా, ఇది చచ్చిపోయింది," అంది. వెళ్ళి చూశాను. నువ్వుగింజ కన్నా కాస్త పెద్దది. ముదురు గోధుమరంగు పురుగు, కాళ్ళు పొట్ట కిందికి ముడుచుకుని పక్కకి ఒరిగి ఉంది. "ముట్టుకోకుండా చూస్తూ ఉండు," అన్నాను. కాసేపటికి ఒక కాలు చాచింది. తర్వాత ఇంకోటి. తల ముందు తొండంలా సాగిన ముక్కును అటూ ఇటూ ఆడించి, లేచి, ఏమీ జరగనట్టు దిండు అంచువైపు నడక మొదలుపెట్టింది. పాప చప్పట్లు కొట్టింది.

ముక్కుపురుగు నాకు కొత్త కాదు. నర్సీపట్నంలోనే జువాలజీతో డిగ్రీ చదివాను. తాకగానే అది చచ్చినట్టు పడిపోతుందని రికార్డులో బొమ్మ వేసి మరీ రాసినదాన్ని. ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకి సైన్సు చెబుతున్నాను. వంటింట్లోకి వెళ్ళి బియ్యం డబ్బా తీసి చేటలో పోసి చూశాను. ఒక్కటీ లేదు. పప్పుల డబ్బాలు చూశాను. వాటిలోనూ లేవు. మరి దిండు మీదికి ఎక్కణ్ణుంచి వచ్చింది? మంచం పక్క గోడను కిందినుంచి పైకి చూసుకుంటూ వెళ్ళాను. తెల్లటి సున్నం మీద అక్కడొకటి, అక్కడొకటి చుక్కల్లా కనిపించాయి. అన్నీ పైనుంచి కిందికి దిగుతున్నాయి.

మేముండేది చింతపల్లి రోడ్డుకు లోపలగా ఒక సందులో. పొడుగాటి సిమెంటు రేకుల ఇల్లు. మధ్యలో గోడ కట్టి రెండు వాటాలు చేశారు. ఆ గోడ రేకుల దాకా వెళ్ళదు. పైన జానెడు ఖాళీ వదిలేశారు. అవతలి వాటాలో ఎవరైనా ఉంటే, దగ్గినా మాకు వినిపించేదే. కానీ అవతల మనుషులు లేరు. ఇంటి ఓనరు, మేము బాబాయి అని పిలిచే ఆయన, దాన్ని అద్దెకివ్వకుండా తన కోసం ఉంచుకున్నాడు. ఆయనా, పిన్నీ సందులో మాకు ఎదురుగా ఉన్న ఇంట్లో ఉండేవాళ్ళు. పిల్లలు లేరు. మా పాప రోజులో సగం వాళ్ళింట్లోనే పెరిగింది.

బాబాయిది గొలుగొండ దగ్గర ఒక పల్లె. అక్కడ సొంత పొలం ఉంది. ఆ ఊళ్ళో కొన్నేళ్ళకోసారి అమ్మవారి పండగ చేస్తారు. పండగనాడు ఊరందరికీ, వచ్చిన చుట్టాలందరికీ ఒక ఇంటివాళ్ళు అన్నం పెట్టాలి. ఈసారి ఆ వంతు బాబాయి ఇంటికి వచ్చింది. అందుకని తన పొలంలో పండిన ధాన్యాన్ని ఏడాది పాతబెట్టి, మిల్లులో ఆడించి, ఆ బియ్యం బస్తాలన్నీ తెచ్చి మా పక్క వాటాలో వరసగా పేర్చాడు. కొత్త బియ్యమైతే అన్నం ముద్దయిపోతుంది, పాతబియ్యమైతే మెతుకు విడివిడిగా పూలలా ఉంటుందని చెప్పేవాడు. నన్ను లోపలికి పిలిచి, ఒక బస్తా మూతి విప్పి, మోచేతి దాకా చెయ్యి దూర్చి గుప్పెడు తీసి చూపించాడు.

"సూడమ్మీ, ఎలగున్నాదో! కార్తీకం ఎల్లాక పండగ. అందాకా దీన్ని కాపాడుకుంటే సాలు."

ఆయన అంతగా తపించడానికి కారణం పురుగులు కనిపించడానికి ముందే ఒకసారి పిన్ని చెప్పింది. బాబాయి కుర్రతనంలో ఆ వంతు ఒకసారి వాళ్ళ నాన్నకి వచ్చిందట. పంక్తిలో ఎవరో విస్తట్లోంచి పురుగు తీసి పక్కవాడికి చూపించారు. ఆ పక్కవాడు లేచాడు. తర్వాత వరసంతా లేచిపోయింది. ముట్టని విస్తళ్ళ మధ్య వాళ్ళ నాన్న గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడట. ఆ తర్వాత ఆయన ఊళ్ళో ఏ పెళ్ళికీ పేరంటానికీ వెళ్ళలేదు. పిన్ని ఇది చెబుతూ, "నాను సెప్పినానని ఆయనతో అనకు," అంది.

కాబట్టి గోడ మీద పురుగులు చూసిన రోజున ఆయనకి ఎలా చెప్పాలా అని చాలాసేపు ఆలోచించాను. చివరికి వెళ్ళి చెప్పాను. ఆయన నవ్వేశాడు.

"ఒకటీ అరా ఉంటాదమ్మా. బియ్యమన్నాక పురుగుండదేటి? యాపాకు ఏసినాను. పసుపు కలిపినాను."

"కనిపించేవి కాదు బాబాయీ, కనిపించనివి ఎక్కువుంటాయి," అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. ఆ మాట చూపించి చెప్పాల్సిందే తప్ప నోటితో చెబితే ఎవరికీ అర్థం కాదు.

గుప్పెడు బియ్యం అడిగి తెచ్చుకున్నాను. పురుగన్నది లేకుండా, చిల్లు పడిన గింజ లేకుండా, విరిగిన నూక లేకుండా ఒక్కొక్క గింజా చూసి ఏరాను. ఏరినవన్నీ శుభ్రమైన గాజు సీసాలో పోసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, వంటింటి అలమర మీద పెట్టాను. బయటినుంచి ఏదీ లోపలికి వెళ్ళే వీలు లేదు. కొన్నాళ్ళు ఏమీ జరగలేదు. పాప రోజూ స్కూలు నుంచి రాగానే సీసా చూసేది. ఎండలు ముదిరే వేళకి ఒకనాడు ఒక గింజ పక్కన చిన్న చిల్లు కనిపించింది. చిల్లులోంచి ముక్కు బయటికి పొడుచుకు వచ్చింది. మర్నాటికి సీసాలో పురుగులు తిరుగుతున్నాయి. ఆ వారంలోనే గాజు గోడ మీద ఎక్కుతూ జారుతూ ఎన్ని ఉన్నాయో చెప్పలేనన్ని అయ్యాయి.

ఆ సీసా తీసుకుని బాబాయి ఇంటికి వెళ్ళాను. తల్లిపురుగు ముక్కుతో గింజకి సన్నటి గుంట తవ్వి, అందులో ఒకే ఒక్క గుడ్డు పెట్టి, పైన తన ఒంట్లోంచి వచ్చే జిగురుతో పూడ్చేస్తుందని చెప్పాను. ఆ జిగురు ఆరాక గింజ రంగులో కలిసిపోతుంది. లోపల పుట్టిన కాళ్ళులేని తెల్లటి పిల్లపురుగు ఆ గింజనే తింటూ, ఆ గింజలోనే పెరిగి, ఆ గింజలోనే రూపం మార్చుకుని, తొలిచేందుకు పిండి మిగలనప్పుడు బయటికి వస్తుంది. అప్పటిదాకా పైనుంచి చూస్తే అది మంచి గింజే. చేత్తో ఏరినా, జల్లెడ పట్టినా, చేటతో చెరిగినా తెలియదు. ఆయన ఎదురుగానే ఒక గిన్నెలో నీళ్ళు పోసి, ఆయన బస్తాలోంచి తెచ్చిన బియ్యం అందులో వేశాను. కొన్ని గింజలు మునిగాయి. చాలా గింజలు తేలాయి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయి.

బాబాయి గిన్నెలోకి వంగి చూశాడు. తేలిన గింజ ఒకటి తీసి గోటితో నొక్కాడు. అది పొరలా చితికి, వేలికి తెల్లగా అంటుకుంది. లేచి తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. పిన్ని నావైపు చూసి, "ఇప్పుడేటి సేత్తాడో," అంది.

మర్నాటి నుంచి ఎండబెట్టడం మొదలైంది. సందు పొడుగునా టార్పాలిన్లు పరిచి, పురమాయించిన మనుషులతో కలిసి తనూ బస్తాలు మోశాడు. బియ్యం పల్చగా పరిచేసరికి పురుగులు కదిలాయి. ఎండ వేడెక్కేకొద్దీ మధ్యలోంచి అంచులకి, అంచుల్లోంచి టార్పాలిన్ దాటి నేలమీదికి నడిచాయి. దూరం నుంచి చూస్తే నేలే జరుగుతున్నట్టుంది. వీధిలో కోళ్ళన్నీ పోగయ్యాయి. బాబాయి నుదుటి చెమట తుడుచుకుంటూ, చాన్నాళ్ళకి నవ్వాడు.

"సూసినావా, ఎల్లిపోతన్నాయి!"

వెళ్తున్నవి పెద్దవి. లోపలున్నవి ఆ ఎండకి చస్తాయో లేదో నాకు తెలియదు. ఆ మాట అనలేకపోయాను. నేల మీదికి నడిచినవాటిలో కోళ్ళకి దొరకనివి గోడల పగుళ్ళలోకీ, రాళ్ళ కిందికీ, మా గడప కిందికీ దూరాయి. సాయంత్రం బియ్యం ఎత్తి మళ్ళీ ఆ గదిలోనే, ఆ గోడ పక్కనే పేర్చారు. కొన్నాళ్ళు గోడ తెల్లగానే ఉంది. మా ఆయన ఆర్టీసీ డ్రైవరు. నైటౌట్ డ్యూటీ దిగి వచ్చి, గోడవైపు చూసి, "హమ్మయ్య, పోయాయి," అన్నాడు.

వానలు ఆ ఏడు త్వరగా పట్టుకున్నాయి. ముసురు మొదలైతే మా వైపు మన్యం గాలి కలిసి, రోజుల తరబడి గుడ్డ ఆరదు. గోడలు చెమర్చాయి. అప్పుడు తిరిగి వచ్చాయి. ఈసారి ముక్కుపురుగు ఒక్కటే కాదు. దాని వెనక ఎర్రటి, సన్నటి పెంకుపురుగు కూడా వచ్చింది. ఇది గట్టి గింజను తొలవలేదు. ముక్కుపురుగు తొలిచి పారేసిన నూక మీద, దుమ్ము మీద బతుకుతుంది. ఆకలైతే తన గుడ్లు తనే తింటుంది. దాని ఒంట్లోంచి ఒక ఘాటు వాసన వస్తుంది. ఆ వాసన పట్టిన పిండి కడిగినా, వేయించినా వదలదు. మా ఇంట్లో దుప్పట్లకి, పాప యూనిఫాంకి ఆ వాసన పట్టుకుంది. స్కూల్లో పక్క టీచరు నన్ను, "ఏదో వాసనొస్తోంది కదండీ?" అని అడిగితే సిగ్గేసింది.

ఒకనాడు మధ్యాహ్నం వాన కాస్త తెరిపి ఇచ్చింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. గోడకి చెవి ఆనించాను. అవతల ఏదో చప్పుడు. ఎండుటాకులు మెల్లగా నలుపుతున్నట్టు, ఆగకుండా. అన్ని బస్తాల్లో, అన్ని గింజల్లో, కనిపించని దవడలు ఒకేసారి కొరుకుతున్న చప్పుడది. నా చెవి చల్లగా ఉన్న గోడకి ఆని ఉంది.

బాబాయిని పిలిచి, ఆయనతో పాటు లోపలికి వెళ్ళాను. ఆయన మధ్య వరసలో ఒక బస్తా మూతి విప్పాడు. "సెయ్యెట్టి సూడు," అన్నాడు. పెట్టాను. వేడిగా ఉంది. జ్వరమొచ్చిన పిల్లాడి ఒళ్ళు ముట్టుకున్నట్టుంది. పురుగులు ఎక్కువైతే వాటి ఊపిరికే బియ్యం వేడెక్కుతుంది. ఆ వేడికి అవి ఇంకా వేగంగా పెరుగుతాయి. లోపలి వేడి ఆవిరి పైకి లేచి, చల్లటి రేకులకి తగిలి, చుక్కలుగా బస్తాల మీద పడుతోంది. పై వరసలో బియ్యం గడ్డకట్టి పచ్చగా బూజు పట్టింది.

పిన్ని గుమ్మంలోంచే అంది. "ఒగ్గీయ్. కోళ్ళ దాణావోడొచ్చి అడిగినాడు కద, ఇచ్చీయ్. పండక్కి బజార్లో కొందాం."

"అమ్మోరికని మొక్కినది కోళ్ళకి ఎట్టమంటావా?"

"మొక్కినది బియ్యం కాదు, అన్నం."

బాబాయి బస్తా మూతి మళ్ళీ కట్టాడు. ముడి మీద ఇంకో ముడి వేశాడు.

ఆ తర్వాత ఆయన మా ఇంటికి రావడం తగ్గించాడు. పాప "తాతా" అని పిలిచినా తలూపి వెళ్ళిపోయేవాడు. బజారులో ఆయన్ని ఒక పురుగుమందుల కొట్టు దగ్గర చూశానని మా ఆయన అన్నాడు. పొలం పనికేమో అనుకున్నాం.

అది శనివారం. స్కూలు ఒక పూటే. వానలో పాపను ఎత్తుకుని మధ్యాహ్నానికి ఇంటికి వచ్చాను. మా ఆయన పొద్దున డ్యూటీ దిగి పడుకుని ఉన్నాడు. జల్లు కొడుతోందని కిటికీలన్నీ వేసుకున్నాడు. తలుపు తోయగానే ఒక వాసన ముఖానికి తగిలింది. వెల్లుల్లిలా, కుళ్ళిన చేపలా. ముందు సందులో మురిక్కాలవ పొంగిందేమో అనుకున్నాను. లోపల మా ఆయన మంచం అంచున కూర్చుని ఉన్నాడు. పక్కన బకెట్టు.

"కేంటీన్ ఇడ్లీ పడలేదనుకుంటా," అన్నాడు. "పొద్దున్నించీ వాంతులు. ఛాతీ బిగబట్టేస్తంది." పెదవులు పాలిపోయి ఉన్నాయి. చెయ్యి పట్టుకుంటే మంచులా చల్లగా ఉంది.

నీళ్ళిద్దామని వంటింటివైపు తిరిగాను. గోడ మొదట్లో నేలంతా పురుగులు. ముక్కుపురుగులు, ఎర్రవి, అన్నీ కలిసి గోడ పొడుగునా రాలి పడి ఉన్నాయి. వంగి ఒకదాన్ని వేలితో తోశాను. కాళ్ళు ముడుచుకునే ఉంది. ఇంకోదాన్ని తోశాను. కదలలేదు. అవి లేస్తాయని చూస్తూ ఒక్క క్షణం అలాగే ఉండిపోయాను. ఏదీ లేవలేదు. అప్పుడు తలెత్తి గోడ పైన ఆ జానెడు ఖాళీ చూశాను. వాసన అక్కణ్ణుంచి దిగుతోంది.

పాపను వానలోకి తోసి, "తాత ఇంటికి పరిగెత్తు, ఇంట్లోకి రావద్దు," అని అరిచాను. మా ఆయన చంక కింద చెయ్యి వేసి లేపాను. మనిషి బరువంతా నామీదే పడింది. గడప దాటేసరికి నాకూ కడుపులో తిప్పింది. అరుగు మీద కూలబడ్డాడు. వాన ముఖం మీద పడుతోంటే నోరు తెరుచుకుని గాలి పీలుస్తున్నాడు.

నా కేకలకి బాబాయి, పిన్ని పరిగెత్తుకొచ్చారు.

"ఆ గదిలో ఏం పెట్టావు బాబాయీ?"

ఆయన ముఖం చూస్తే నా ప్రశ్న అక్కర్లేకపోయింది.

"బిళ్ళలమ్మా," అన్నాడు. "కొట్టోడు ఇచ్చినాడు. పట్టా కప్పీసినాను. తలుపు సందులకి టేపు కూడా ఏసీసినాను. బయటికి రాదన్నాడు."

"గోడ పైన ఖాళీ ఉంది కదా!"

ఆయన రేకులవైపు చూశాడు. ఆ ఇల్లు కట్టించింది ఆయనే. ఆ ఖాళీ వదిలించింది ఆయనే. గాలాడుతుందని.

ఆ బిళ్ళలు గాలిలో తడి తగిలితే విషవాయువు వదులుతాయి. గింజ లోపల దాక్కున్న పురుగుని కూడా చంపడానికి చేసినవి. గట్టి ఏర్పాట్లున్న గోదాముల్లో, తెలిసినవాళ్ళు మాత్రమే వాడాల్సినవి. మనుషులు పడుకునే ఇంట్లో గానీ, ఆ ఇంటి పక్కన గానీ వాటిని పెట్టకూడదు. ఆరోజు గాలిలో తడి తప్ప ఇంకేమీ లేదు.

సందు చివర ఆటో అతన్ని పిలుచుకొచ్చి మా ఆయన్ని ఎక్కించాం. నేను ఎక్కుతుండగా బాబాయి ఇంటివైపు తిరిగాడు. తువ్వాలు వానలో తడిపి ముక్కూ మూతీ కట్టుకుంటున్నాడు.

"వద్దు బాబాయీ, దూరంగా ఉండు! ఎవరినీ దగ్గరికి రానివ్వకు, అంతే!"

"ఎవులైనా ఆ గోడ పక్కన నిలబడితే? నానెట్టినాను, నానే తీత్తాను. నువ్వెల్లు, బేగి ఎల్లు."

పిన్ని ఆయన చొక్కా పట్టుకుని లాగడం, ఆయన విదిలించుకోవడం ఆటో తిరుగుతుంటే చూశాను. తడిగుడ్డ ఆ గాలిని ఆపదు. ఆ మాట అరిచి చెప్పాను కూడా. వాన చప్పుడుకి వినపడిందో లేదో తెలియదు.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ నేను చెప్పింది విని, వెంటనే సెలైను పెట్టించి, ఆక్సిజన్ పెట్టించింది. చిన్నది, నాకంటే వయసులో తక్కువే ఉంటుంది. "దీనికి విరుగుడు మందు లేదండీ. ఒళ్ళు తట్టుకునేదాకా మనం గుండెని కాపాడుకుంటూ ఉండాలి. విశాఖపట్నం తీసుకెళ్ళాలి," అంది. అంబులెన్సు సిద్ధమవుతుండగా గేటులోంచి ఇంకో ఆటో వచ్చింది. అందులో పిన్ని కూర్చుని ఉంది. బాబాయి తల ఆవిడ ఒళ్ళో ఉంది. చేతులకి బూడిదరంగు పొడి అంటుకుని ఉంది.

ఇద్దరినీ ఒకే అంబులెన్సులో తీసుకెళ్ళారు. నేను ముందు సీట్లో వెనక్కి తిరిగి కూర్చున్నాను. పాప సందు చివరింటివాళ్ళ దగ్గర ఉండిపోయింది. దారిలో బాబాయికి స్పృహ ఉంది. "గుంట బాగున్నాదా?" అని అడిగాడు. పాప గురించి. బాగానే ఉందన్నాను. మా ఆయన్ని పేరు పెట్టి పిలిచాడు. మా ఆయన చెయ్యెత్తాడు. ఆ తర్వాత బాబాయి మాట్లాడింది తక్కువ. నాలుక ఎండిపోతోందని నీళ్ళడిగాడు. చేతులు చల్లగా అయిపోయాయని పిన్ని వాటిని తన రెండు చేతుల మధ్య రుద్దుతూనే ఉంది. ఆవిణ్ణి ఆ పొడి ముట్టుకోవద్దని నర్సు చెబుతోంది, సబ్బునీళ్ళతో ఆయన చేతులు తుడుస్తోంది.

మా ఆయన బతికాడు. కొన్నాళ్ళు ఐసీయూలో, కొన్నాళ్ళు వార్డులో ఉండి లేచి తిరిగాడు. మెట్లెక్కితే ఇప్పటికీ ఆయాసమొస్తుంది. డిపోలో తేలిక పని ఇచ్చారు. బాబాయి మర్నాడు మధ్యాహ్నం పోయాడు. చివరిదాకా తెలివి ఉందట. డాక్టర్లు ఆయన మంచం చుట్టూ తెర లాగినప్పుడు పిన్ని నా పక్కనే బెంచీ మీద కూర్చుని ఉంది. ఏడవలేదు. "ఆకలేత్తందమ్మా," అంది. నిన్నటి నుంచి ఆవిడ ఏమీ తినలేదని అప్పుడు తెలిసింది. కింద హోటల్లో పెరుగన్నం కొని తెచ్చాను. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, మింగకుండా, చాలాసేపు అలాగే ఉంది.

పోలీసులు ఆ గదికి తాళం వేశారు. కొన్నాళ్ళకి, ఆ విషపుగాలి పోయాక, బస్తాలు తీసి పూడ్చిపెట్టడానికి మనుషులు వచ్చారు. చేతులకి తొడుగులు, ముఖాలకి మాస్కులు. పిన్ని నన్ను తోడు రమ్మంది. ఆయన బిళ్ళల్ని మధ్యలోనే తీసేశాడు కదా. పై వరసలో చచ్చిన పురుగులు దుమ్ములా రాలాయి. అడుగు వరసలో ఒక బస్తా కుట్టు తెగి బియ్యం నేల మీద పడింది. ఆ కుప్ప మీద ఒక గింజ పక్కన చిల్లు, చిల్లులోంచి ముక్కు. ఒకటి బయటికి వచ్చి, కాళ్ళు సర్దుకుని నడిచింది. ఇంకో గింజలోంచి ఇంకోటి. ఒక పనివాడు చీపురుతో తోసి పారలోకి ఎత్తాడు. పిన్ని చూసింది.

"ఇయి బతికే ఉన్నాయి," అంది.

మేము ఇల్లు మారాం. అమ్మవారి పండగ ఆ ఏడు ఆగిపోలేదు. ఊళ్ళో ప్రతి ఇంటివాళ్ళూ తలా కాస్త బియ్యం ఇచ్చి, బాబాయి వంతు వాళ్ళే నడిపించారు. పిన్ని వెళ్ళింది. పంక్తి చివర నిలబడి నెయ్యి వడ్డించి వచ్చింది.

మళ్ళీ వానాకాలం వచ్చింది. ఒకరోజు స్కూలు నుంచి వస్తుంటే బజారులో పురుగుమందుల కొట్టు ముందు పిన్ని కనిపించింది. గొడుగేసుకుని, మెట్టు పక్కన, కొట్టుకి వచ్చేవాళ్ళకి ఎదురుగా నిలబడి ఉంది. ఏం చేస్తున్నావని అడిగితే, రెండు వారాలుగా ఇలాగే వస్తున్నానంది. బిళ్ళలు కొనేవాళ్ళని ఆపి, ఇంట్లో పెట్టొద్దని చెబుతోందట. కొట్టతను విసుక్కుంటాడు కానీ గెంటెయ్యడు. బాబాయికి ఆ బిళ్ళలు అమ్మినవాడు అతనే. ఆవిడ ఎదురుగా అతను తల ఎత్తడు.

నేనూ పక్కన నిలబడ్డాను. కాసేపటికి కొయ్యూరు వైపు మనిషొకడు మోటార్ సైకిల్ మీద వచ్చాడు. నడివయసు, వానకి పూర్తిగా తడిసి ఉన్నాడు. రాజ్మా గింజలకి పుచ్చుపురుగు పట్టిందని, బిళ్ళలు కావాలని అడిగాడు. పిన్ని ముందుకి వెళ్ళింది.

"బాబూ, అయి ఇంట్లో ఎట్టకు. మా ఇంటాయన దాంతోనే పోయినాడు."

అతను ఆవిడని, నన్ను మార్చి మార్చి చూశాడు. ఎగతాళి చెయ్యలేదు. "అలగా అమ్మా," అన్నాడు నెమ్మదిగా. "మరేటి సెయ్యమంటావు? ఏడాది కట్టమంతా పుచ్చిపోతంది."

నేను కల్పించుకున్నాను. బాగా ఎండబెట్టి, గాలి చొరబడని డ్రమ్ముల్లో పొయ్యమన్నాను. వ్యవసాయ ఆఫీసులో అడగమన్నాను. అతను ఆకాశంవైపు చెయ్యి చూపించాడు.

"ఎండేదమ్మా? ఇల్లు తప్ప నాకు వేరే గదేదీ?"

అతను ఇచ్చిన డబ్బు తీసుకుని, కొట్టతను గొట్టం లాంటి డబ్బా కౌంటరు మీద పెట్టాడు. కొయ్యూరతను దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. "తడి తగలనివ్వకండి, జేబులో వద్దు," అన్నాను. అతను ప్లాస్టిక్ కవరు అడిగి తీసుకుని, దాన్ని చుట్టి, మళ్ళీ అదే జేబులో పెట్టుకున్నాడు. బండి స్టార్టు చేశాడు. పిన్ని గొడుగు వదిలేసి రోడ్డు మీదికి వెళ్ళింది.

"ఇంట్లో పిల్లలున్నారా నాయనా?"

"ఉన్నారమ్మా," అని చెయ్యెత్తి, అతను వానలోకి బండి తిప్పాడు.